చొప్పదండిలో ఇల్లు బేరం: వాళ్ళు చెప్పిన ధర పక్కన పెట్టి, మన లెక్క ముందు వేసుకోవాలె

చొప్పదండి: ఇల్లు చూడడానికి పోతే ఈ మధ్య ధర కంటే ముందు ఒక మాట వినబడుతోంది. "జల్దీ తెంపుకోండి భాయ్, సర్కారు రేట్లు పెరుగుతున్నయ్." 2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం భూముల మార్కెట్ విలువల సవరణకు కసరత్తు మొదలుపెట్టినప్పటి నుంచి ఏజెంట్ల నోట్లో ఈ మాట ఆగలేదు. దీనికి భయపడి రెండు లక్షలు ఎక్కువ చెప్పి బేరం తెంపుకున్న కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. నిజంగా రేట్లు పెరిగితే మన జేబుకు పడే భారం ఎంత? ఆ లెక్క మాత్రం ఎవరూ వేయరు. బీకాం చదివిన అలవాటు కొద్దీ నేను వేశాను.

ముందు ఇప్పుడున్న పరిస్థితి చూద్దాం. 2013 తర్వాత చాలా ఏళ్లు విలువలు ముట్టుకోని సర్కారు, 2021 జూలై 22న విలువలతో పాటు చార్జీలు కూడా పెంచింది. అప్పటిదాకా స్టాంపు డ్యూటీ 4 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, అన్నీ కలిపి 6 శాతం ఉండేది. స్టాంపు డ్యూటీని 5.5 శాతానికి పెంచడంతో మొత్తం 7.5 శాతమైంది. ఏడు నెలలు తిరగకముందే, 2022 ఫిబ్రవరి 1న, విలువలను మళ్ళీ పెంచారు. జనంలో ఈ భయం ఊరికే రాలేదు. రెండుసార్లు దెబ్బ తిన్నాక వచ్చింది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. అంకెలు లెక్క కోసం అనుకున్నవే, ఏ ఇంటివీ కావు. సర్కారు విలువ 14 లక్షలున్న ఇంటిని మీరు 23 లక్షలకు కొంటున్నారు. కాగితం మీద 23 లక్షలే రాస్తే 7.5 శాతం చొప్పున 1,72,500 రూపాయలు కట్టాలి. రేపు సర్కారు విలువ 40 శాతం పెరిగి 19.60 లక్షలు అయిందనుకోండి. అసలు ధర, సర్కారు విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీదే డ్యూటీ. 23 లక్షలే ఎక్కువ కాబట్టి మీరు కట్టేది అదే 1,72,500. ఒక్క రూపాయి పెరగదు.

చాలామంది చేస్తున్నట్టు సర్కారు విలువకే రిజిస్ట్రేషన్ చేయించుకునేవాళ్ళకైనా ఖర్చు 1,05,000 నుంచి 1,47,000 అవుతుంది. తేడా 42 వేలు. ఆ 42 వేలకు భయపడి బేరంలో రెండు లక్షలు వదులుకోవడం ఏం లెక్క? తొందర పెట్టే మనిషికి మీ 42 వేల మీద ఏ దిగులూ లేదు. ఆయన చూపంతా కమీషన్ మీదనే.

ధర ఎక్కడి నుంచి వస్తది?

చొప్పదండి 2018లో మున్సిపాలిటీ అయ్యింది. అప్పటి నుంచి ఇక్కడ అమ్మేవాళ్ళు గ్రామ పంచాయతీ నాటి ధరలతో పోల్చుకోవడం మానేసి, కరీంనగర్ శివారుతో పోల్చుకోవడం మొదలుపెట్టారు. కరీంనగర్, ధర్మారం మీదుగా రాయపట్నం పోయే రోడ్డు మీద ఉన్న ఊరు, జిల్లా కేంద్రానికి అరగంట ప్రయాణం, నవోదయ విద్యాలయం ఉన్న ఊరు. ధర చెప్పేటప్పుడు ఇవన్నీ లిస్టు చదువుతారు. అవన్నీ నిజమే. కానీ అదే రోడ్డు మీదున్న వందల ఇండ్లకు కూడా అవి వర్తిస్తాయి. మీరు చూస్తున్న ఇంటికి ప్రత్యేకంగా ధర పెట్టడానికి అవి సరిపోవు.

దీనికి తోడు గల్ఫ్ డబ్బు. కరీంనగర్, జగిత్యాల వైపు నాలుగు దశాబ్దాలుగా ఇండ్ల ధరలను నడిపిస్తున్నది దుబాయ్, సౌదీ జీతాలే అంటే అతిశయోక్తి కాదు. అక్కడున్న మన తమ్ముళ్ళకు ఇక్కడి ధర పెరగడం సరిగా ఎందుకు తెలియదో చూడండి. 2014లో దిర్హమ్ విలువ 16, 17 రూపాయల మధ్య ఉండేది. 2025లో 23 దాటింది. పది లక్షలంటే అప్పట్లో సుమారు 60 వేల దిర్హమ్‌లు, ఇప్పుడు సుమారు 43 వేలు. అంటే ఇక్కడ ధర 35, 40 శాతం పెరిగినా, దుబాయ్‌లో కూర్చున్న మనిషికి తన జీతంలో అంతే ఖర్చుగా కనబడుతుంది. అమ్మేవాళ్ళకు ఇది బాగా తెలుసు. వాట్సాప్ వీడియోలో ఇల్లు చూపించి, "మీకైతే ఇది పెద్ద లెక్క కాదు కదా" అంటారు. ఆ మాట విన్నారంటే మీ జీతం చూసి ధర కట్టారని అర్థం. గోడలు, జాగా చూసి కాదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పక్క ఇల్లు ఎంతకు పోయిందో తెలుసుకుందామని ఈసీ తీస్తే అందులో అసలు ధర దొరకదు. ఎక్కువ మంది సర్కారు విలువకే రాయించుకుంటారు కాబట్టి ఆ కాగితంలో కనబడేది ఆ అంకెనే. అలాగని టీ కొట్టు దగ్గర వినే ధర నమ్మలేం. కొన్నవాడు తగ్గించి చెప్తాడు, అమ్మినవాడు పెంచి చెప్తాడు. కాబట్టి అదే గల్లీలో గత ఏడాదిలో కొన్న ఇద్దరు ముగ్గురిని విడివిడిగా కలిసి అడగాలి. ఖాళీ జాగా గజానికి ఎంత పడిందని మాత్రం అడిగితే చాలామంది దాచకుండా చెప్తారు. కట్టిన ఇంటి ధర అడిగితేనే మొహమాటపడతారు.

మన అంకె ఎట్లా కట్టాలె

వాల్యూయర్లు చేసే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. జాగా విలువ వేరు, కట్టడం విలువ వేరు. మళ్ళీ అనుకున్న అంకెలతోనే చూద్దాం. 150 గజాల జాగా. ఆ గల్లీలో ఖాళీ జాగా గజం 11 వేలకు పోయిందని ముగ్గురు చెప్పారు. జాగా విలువ 16.50 లక్షలు. దాని మీద 900 చదరపు అడుగుల స్లాబు ఇల్లు, కట్టి 18 ఏళ్ళు. ఇవాళ అదే ఇల్లు కొత్తగా కట్టాలంటే అడుగుకు 1,700 చొప్పున 15.30 లక్షలు అవుతుంది. ఆర్‌సీసీ ఇంటి ఆయుష్షు మామూలుగా 60 ఏళ్ళని పట్టుకుంటారు. అందులో 18 ఏళ్ళు, అంటే 30 శాతం అయిపోయింది. మిగిలింది 10.71 లక్షలు. రెండూ కలిపితే 27.21 లక్షలు.

స్లాబు కారుతోంది, వైరింగ్ మొత్తం మార్చాలి, బాత్‌రూమ్ పైపులు తుప్పు పట్టాయి. మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను తీసుకుపోయి అడిగితే లక్షన్నర అన్నారు. అది తీసేస్తే ఇంటి విలువ సుమారు 25.70 లక్షలు. అమ్మేవాళ్ళు 32 లక్షలు చెప్తున్నారు. చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. 32 నుంచి కిందికి దిగుతూ పోయి 29 దగ్గర ఆగి, మూడు లక్షలు తగ్గించానని సంబరపడతారు. వాళ్ళు 36 చెప్పి ఉంటే ఇదే మనిషి 32 దగ్గర ఆగి నాలుగు తగ్గించానని చెప్పుకునేవాడు. వాళ్ళు ఏ అంకె చెప్పినా ఇంటి విలువ మారదు.

అయితే 25.70 కూడా మీ ఆఖరి అంకె కాకపోవచ్చు. మీ దగ్గర ఉన్నది మొత్తం 27 లక్షలు అనుకోండి. అమ్మీ నగలు అమ్మిన పైసలు, తమ్ముడు పంపినవి, ఫిక్స్‌డ్ డిపాజిట్, అన్నీ కలిపి. అందులోంచి రిపేర్ల లక్షన్నర పక్కన పెట్టాలి. వకీలు, ఇంజనీరు, దస్తావేజు రాత ఖర్చులకు ఒక 20 వేలు. మిగిలింది 25.30 లక్షలు. ఈ డబ్బులోంచే ఇంటి ధర, దాని మీద 7.5 శాతం రిజిస్ట్రేషన్, ఒక శాతం కమీషన్ కట్టాలి. 25.30 లక్షలను 1.085తో భాగిస్తే 23.30 లక్షలు వస్తుంది. అది దాటితే అప్పు చేయాలి, లేదంటే కారే స్లాబు కింద వానాకాలం గడపాలి.

ఇంటి విలువ 25.70, మీ జేబు 23.30. రెండిట్లో చిన్నదే మీ గరిష్ఠం. మొదటి మాట 21, 21.50 దగ్గర పెడితే పైకి జరగడానికి చోటు ఉంటుంది. మరీ 15 అంటే అవతలివాళ్ళు అవమానంగా తీసుకుని లేచి పోతారు. ఊరి బేరంలో మర్యాద పోతే అంకె ఎంత సరైనదైనా పనికిరాదు. ఈ గరిష్ఠం ఇల్లు చూడడానికి పోకముందే ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకోవాలి, ఇంటిల్లిపాదికీ తెలియాలి. బేరం జరుగుతుండగా "కిచెన్ ఎంత బాగుందో" అని గట్టిగా అన్నవాళ్ళ వల్ల యాభై వేలు పెరిగిన బేరాలు ఉన్నాయి. ఆ మాట ఎక్కువసార్లు మగవాళ్ళ నోటి నుంచే వస్తుంది, పార్కింగ్ జాగా చూసినప్పుడు.

లోన్ తీసుకోనివాళ్ళకు ఒక అదనపు పని

రిజర్వ్ బ్యాంకు 2025లో రెపో రేటును 6.50 శాతం నుంచి 5.25కి తగ్గించింది. ఇంటి లోన్ వడ్డీ కూడా 8.75 నుంచి 7.50కి దిగిందనుకుంటే, 20 ఏళ్ళకు తీసుకున్న 15 లక్షల లోన్ కిస్తీ నెలకు సుమారు 1,170 రూపాయలు తగ్గుతుంది. లోన్ తీసుకునేవాళ్ళు ఆ ధైర్యంతో ఎక్కువ ధర చెప్తారు, మీతో పోటీకి వచ్చేది వాళ్ళే. ఒక మాట గుర్తుండాలి: 30 లక్షల లోపు లోన్‌కు విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని నిబంధన ఉన్నా, ఆ విలువ బ్యాంకు ఒప్పుకున్న విలువ. మీరు చెప్పిన బేరం ధర కాదు.

మన కుటుంబాల్లో చాలామంది వడ్డీకి దూరంగా ఉండి సొంత డబ్బుతోనే కొంటారు. అది వాళ్ళ ఈమాన్‌కు సంబంధించిన నిర్ణయం. కానీ దానితో పాటు ఒకటి కోల్పోతున్నామని ఎవరూ చెప్పరు. లోన్ ఇచ్చే బ్యాంకు తన వకీలుతో కాగితాలు చూపిస్తుంది, తన ఇంజనీరుతో ఇల్లు కొలిపిస్తుంది. కాగితాల్లో లొసుగు ఉంటే, ధర మరీ ఎక్కువైతే అక్కడే ఆగిపోతుంది. నగదు పెట్టి కొనేవాళ్ళకు ఆ రెండో జత కళ్ళు ఉండవు. అందుకే మన ఖర్చుతో మనమే ఆ పని చేయించాలి. బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వకీలు దగ్గర లీగల్ ఒపీనియన్, రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గర రిపోర్టు. పాతిక లక్షల ఇంటికి ఈ ఖర్చు ఎక్కువని నేననుకోను. పైగా ఆ రిపోర్టు బేరంలో మన చేతిలో ఆయుధం. "మాకు నచ్చలేదు" అంటే వాళ్ళు వాదిస్తారు. "ఇంజనీరు ఇట్ల రాసిండు" అంటే అంతగా వాదించరు.

నగదుకు ఉన్న బలం కూడా వాడుకోవాలి. లోన్ పార్టీకి నెల, రెండు నెలలు పడుతుంది. మీరు పదిహేను రోజుల్లో మొత్తం ఇవ్వగలరు. బిడ్డ పెండ్లి, వీసా ఖర్చు, అన్నదమ్ముల పంపకం లాంటి అవసరం ఉన్న అమ్మకందారుకు ఆ తొందర విలువైనది. దానికి బదులుగా లక్ష తగ్గించమని అడగడం న్యాయమే. కానీ ఆస్పత్రి బిల్లు కోసం అమ్ముతున్న ఇంటికి పోయి, ఇంకో దారి లేదని తెలిసి సగం ధరకు గుంజడం వేరు. చట్టం దాన్ని ఆపదు. మన పెద్దలు దాన్ని బేరం అనలేదు.

ఇక "ఇంకో పార్టీ రెడీగా ఉంది" అనే మాట. ఉండవచ్చు, లేకపోవచ్చు. కొనే ఉద్దేశం లేని మనిషిని నిలబెట్టి ధర పెంచడాన్ని షరీఅత్ పరిభాషలో నజష్ అంటారు, అది నిషిద్ధం. ఒకరికి బేరం ఖాయమైన ఇంటి మీద ఇంకొకరు పోయి ఎక్కువ ధర చెప్పడం కూడా అంతే. ఇందులో రెండో తప్పు మన కొనుగోలుదార్లే ఎక్కువ చేస్తారు. బంధువులు మాట ఖాయం చేసుకున్న ఇంటికి పోయి యాభై వేలు ఎక్కువ చెప్పి, తర్వాత ఏళ్ళ తరబడి మాటలు లేని ఇండ్లు ప్రతి మొహల్లాలో ఉన్నాయి. ఇంకో పార్టీ ఉందంటే మీ గరిష్ఠం దాకా పోండి. అది దాటితే సలాం చెప్పి లేవండి.

ధర తగ్గినా కొనకూడని ఇండ్లు

కొన్ని లోపాలకు ధర తగ్గించుకోవచ్చు, కొన్నిటికి తగ్గింపు ఎంతిచ్చినా చాలదు. ప్లాటు పాత అనధికార లేఅవుట్‌లోది, ఎల్‌ఆర్‌ఎస్ కాలేదు అంటే అది మొదటి రకం. చొప్పదండి పంచాయతీగా ఉన్నప్పుడు వేసిన వెంచర్లలో ఇది మామూలు. 2020 పథకంలో దరఖాస్తు చేశారా, 2025లో 25 శాతం రాయితీ ఉన్నప్పుడు ఫీజు కట్టారా అని అడిగి, కట్టకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. ఇంటి పన్ను, కరెంటు బాకీలు కూడా అంతే.

రెండో రకం: అసైన్డ్ భూమి, వక్ఫ్ భూమి, సర్కారు భూమి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గరున్న నిషేధిత జాబితాలో సర్వే నంబరు చూసుకోవాలి. జీపీఏ మీద మాత్రమే అమ్ముతున్న ఇల్లు కూడా జాగ్రత్త. జీపీఏతో హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది.

మన ఇండ్లలో అన్నిటికంటే ఎక్కువ కనబడేది ఇంకొకటి. తండ్రి పేరు మీద ఇల్లు, తండ్రి లేడు, అన్నదమ్ములు అమ్ముతున్నారు. ముస్లిం వారసత్వ చట్టంలో భార్యకు, కూతుళ్ళకు వాటా ఉంటుంది. ప్రతి వారసుడూ తన వాటా వరకే అమ్మగలడు, మిగతావాళ్ళ తరఫున సంతకం పెట్టలేడు. "చెల్లెండ్లు తీసుకోరు, వాళ్ళకు ఇష్టమే" అంటారు. ఇష్టమే అయితే వచ్చి సంతకం పెట్టడానికి అడ్డేంటి? రెండు లక్షలు తగ్గిస్తామంటే ఆశపడకండి. ఆ రెండు లక్షలు చెల్లెలి హక్కు లోంచి మీకిస్తున్నారు, కోర్టు మెట్లు ఎక్కేది మాత్రం మీరు. నోటి మాటగా హిబా చేశారని చెప్పే ఇల్లు కూడా అటువంటిదే. ముస్లింలలో నోటి హిబా చట్టప్రకారం చెల్లుతుంది, 2011లో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. కానీ ఇచ్చారని, స్వాధీనం చేశారని రుజువు చూపాలి. ఆ రుజువు లేకపోతే వారసులందరి సంతకాలు కావాల్సిందే.

అమ్మే మనిషి గల్ఫ్‌లో ఉంటే ఇంకో రెండు చూడాలి. ఆయన ఇక్కడివాళ్ళకు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత ఎంబసీలో గానీ కాన్సులేట్‌లో గానీ అటెస్ట్ అయి ఉండాలి, ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి. రెండోది పన్ను. ఇక్కడ నివసించే మనిషి దగ్గర కొంటే 50 లక్షలు, ఆపైన ఉంటేనే కొన్నవాళ్ళు ఒక శాతం టీడీఎస్ పట్టాలి. ఎన్నారై దగ్గర కొంటే ఆ 50 లక్షల పరిమితి వర్తించదు, రేటు కూడా ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. పట్టకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు అడిగేది మిమ్మల్నే. ఈ ముచ్చట బేరానికి ముందే ఆడిటర్‌తో మాట్లాడి, అమ్మేవాళ్ళకు చెప్పి ధర ఖాయం చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ రోజు చెప్తే కొట్లాటే.

బయానా కాగితంలో

ధర ఖాయమయ్యాక బయానా. 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నవాళ్ళ మీద అంతే మొత్తం జరిమానా పడే నిబంధన 2015 నుంచి ఉంది. "సగం నగదు, సగం కాగితం మీద" అనేవాళ్ళకు ఇది గుర్తుచేయండి. నగదు ఇచ్చిన భాగానికి రేపు గొడవైతే రుజువు ఉండదు. మీరే అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా కనబడి లాభం మీద పన్ను ఎక్కువ పడుతుంది. ఇంకోటి, కాగితం మీద రాసిన ధర సర్కారు విలువ కంటే 10 శాతానికి మించి తగ్గితే, 50 వేలు దాటిన ఆ తేడాను కొన్నవాళ్ళ ఆదాయంగా లెక్కిస్తారు.

బయానా బ్యాంకు ద్వారానే పంపండి. కాగితంలో ఇంటి నంబరు, గజాలు, నాలుగు హద్దులు, మొత్తం ధర, రిజిస్ట్రేషన్ తేదీ, సంతకం పెట్టాల్సిన వారసులందరి పేర్లు రాయించండి. కాగితాల్లో లోపం తేలితే, వారసుల్లో ఒక్కరు రాకపోయినా, బయానా మొత్తం ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో కూడా అందులోనే ఉండాలి. కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా ముంచుకోవడం ఊరి ఆచారం. హనఫీ ఫిఖ్ అందుకు ఒప్పుకోదని ఉలమా చెప్తారు, అమ్మేవాళ్ళు ముస్లింలైతే ఆ మాట ముందే మాట్లాడుకోవచ్చు. ఎంత ఇవ్వాలన్నది మీ ఇష్టం గానీ, లీగల్ ఒపీనియన్ చేతికి రాకముందు లక్ష దాటకుండా చూసుకోండి. మిగతాది వకీలు కాగితం చదివాకే.